గని చేతులు కట్టిన చాపెల్

*ఇంగ్లండ్‌కు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, గ్వెనాప్ అనే రాగి గనుల సీమ. పగలంతా భూమి అడుగున రాయి కొట్టిన మనుషులు అవే చేతులతో తమ ప్రార్థనామందిరాలు కట్టుకున్నారు. గనులు మూతపడితే పాటలను, సంఘాలను వెంట తీసుకుని ఖండాలు దాటారు. ఆ దారుల్లో ఒకటి మన చిత్తూరు పక్కనున్న కోలార్ బంగారు గనుల దాకా వచ్చింది.*

1762 సెప్టెంబరు 5, ఆదివారం సాయంత్రం. గ్వెనాప్‌లో గాలి హోరుమంటోంది. ఎప్పుడూ ప్రసంగించే చోట ఆ రోజు మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ నిలబడలేకపోయాడు. జనమేమో వేలల్లో వచ్చి ఉన్నారు. దగ్గర్లోనే ఒక పెద్ద గుంట ఉంది. అడుగున ఎప్పుడో తవ్వి వదిలేసిన గని కూలి, పైనేల కుంగడం వల్ల ఏర్పడిందని చెబుతారు. వెస్లీ ఆ గుంటకు ఒక పక్కన నిలబడ్డాడు. జనం పల్లంలో, గట్టు మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ సర్దుకున్నారు. గాలి వాళ్ళ తలల మీదుగా పోయింది. ఆయన మాట మాత్రం అందరికీ అందింది.

ఆ రోజుతో మొదలుపెట్టి 1789 వరకు వెస్లీ మొత్తం 18 సార్లు అక్కడ ప్రసంగించాడు. రెడ్‌రూత్ పట్నానికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, బస్వీల్ అనే చిన్న పల్లెలో ఆ గుంట ఇప్పటికీ ఉంది. పేరు గ్వెనాప్ పిట్. దాని పక్కనే 1836లో కట్టిన చిన్న మెథడిస్టు చాపెల్ ఉంది. చుట్టూ కొద్ది మైళ్ళ మేర ఏ పల్లెకు వెళ్ళినా అలాంటి చాపెల్ ఒకటైనా కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి రాజులు గానీ, జమీందార్లు గానీ పునాది వేయలేదు. గని కార్మికుల పెన్నీలు, వాళ్ళ రెక్కల కష్టం, రాయి గురించి వాళ్ళకున్న తెలివి, ఈ మూడింటితో లేచిన గోడలవి.

రాగి నేల

కార్న్‌వాల్‌లో తగరం తవ్వకం అతి పురాతనం. 18వ శతాబ్దంలో రాగి దాన్ని మించిపోయింది. గ్వెనాప్ చుట్టుపక్కల నేలకు, పాత ప్రపంచం మొత్తంలో ఇంత సిరి ఉన్న చదరపు మైలు మరొకటి లేదని పేరొచ్చింది. అయితే అక్కడ బొగ్గు లేదు. రాగి కరిగించాలంటే రాగి ఖనిజం కన్నా బొగ్గే ఎక్కువ కావాలి. అందుకని ఖనిజాన్ని ఓడలకెత్తి వేల్స్‌లోని స్వాన్సీ కొలుములకు పంపేవారు. ఆ ఓడలే తిరుగు ప్రయాణంలో గని ఇంజన్లకు బొగ్గు మోసుకొచ్చేవి.

గనికి మొదటి శత్రువు నీరు. పోల్డైస్ గని నీటిని బయటికి పారించడానికి 1748లో ఒక సొరంగం మొదలుపెట్టారు. తర్వాతి తరాలు దాన్ని గని నుంచి గనికి కలుపుకుంటూ పోయాయి. గ్రేట్ కౌంటీ ఆడిట్ అనే ఆ సొరంగం కొమ్మలన్నీ కలిపితే దాదాపు 40 మైళ్ళు. 60కి పైగా గనుల నీళ్ళు దాని గుండానే కార్నన్ లోయలోకి దిగేవి. ఇప్పటికీ అందులో నీరు పారుతూనే ఉంది. తరతరాలుగా ఇలా భూమి లోపల మట్టసం చూసి, వాలు లెక్కకట్టి, రాతిని పేర్చడం తెలిసిన మనుషులు ఆ పల్లెల నిండా ఉండేవారు. చాపెళ్ళ కథలో ఈ పనితనం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

పని చాలా కఠినం. గట్టి టోపీ ముందుభాగాన తడి మట్టి ముద్ద అద్ది, అందులో కొవ్వొత్తి గుచ్చుకుని, నిచ్చెనల మీద వందల అడుగులు దిగేవారు. ఎనిమిది గంటలు ఉలీ సుత్తీ పట్టి రాతికి రంధ్రం వేసి, మందు కూరి పేల్చి, మళ్ళీ అవే నిచ్చెనలు ఎక్కాలి. లోతు గనుల్లో ఆ ఎక్కడానికే గంట దాకా పట్టేది. గుండె, ఊపిరితిత్తులు ముందుగా దెబ్బతినేవి. గ్వెనాప్ పారిష్‌లోనే ఉన్న ట్రెసేవియన్ గనిలో 1842లో కార్న్‌వాల్‌లో మొట్టమొదటి మనుషుల యంత్రం వచ్చింది. పైకీ కిందికీ ఊగే పొడవాటి దూలానికి మెట్లు బిగించి, ఒక్కో మెట్టు మారుతూ మనిషి పైకి చేరే ఏర్పాటు అది.

కూలి కట్టే పద్ధతి కూడా ప్రత్యేకమే. నిర్ణీత రోజున గని ముంగిట, పని అజమాయిషీ చేసే కెప్టెన్ ఒక్కో తవ్వకం ముక్కనూ పాట పెడతాడు. కార్మికులు జట్లుగా వచ్చి, అక్కడి రాయిలో ఖనిజం ఎంతుందో అంచనా వేసి, పౌనుకు ఇన్ని షిల్లింగుల వాటా చాలని పోటీపడి పాడతారు. సిర బాగా తగిలితే ఇంట్లో పండగే. తగలకపోతే కొవ్వొత్తులకు, మందుగుండుకు పెట్టిన ఖర్చు అప్పుగా మిగులుతుంది. పైన ఆడవాళ్ళు, ఆడపిల్లలు పొడుగు సుత్తులతో ఖనిజం పగలగొట్టి వేరుచేసేవారు. వాళ్ళను బాల్ మెయిడెన్స్ అనేవారు. ఎండకూ రాతి పెళ్ళలకూ ముఖం కాపాడుకోవడానికి తెల్లటి బట్ట టోపీలు కట్టుకుని వరుసగా కూర్చునే వాళ్ళ బొమ్మలు ఇప్పటికీ అక్కడి మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఎప్పుడు చేతిలో డబ్బుంటుందో, ఎప్పుడు పై నుంచి రాయి పడుతుందో తెలియని బతుకు. పారిష్ చర్చి వాళ్ళ పల్లెలకు దూరం. ఆ చర్చిలో ముందు బెంచీలు ఆస్తిపరులవి. మనుషుల యంత్రం ఇంకా రాకముందు, వెస్లీ వచ్చేనాటికి గ్వెనాప్ ఇలా ఉంది.

తలుపు విరగ్గొట్టిన ఊళ్ళోనే స్వాగతం

జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆంగ్లికన్ గురువు. ఆయనా, తమ్ముడు చార్లెస్, మిత్రుడు జార్జ్ విట్‌ఫీల్డ్ మొదలుపెట్టిన మెథడిస్టు ఉద్యమానికి చర్చి పీఠాల మీద చోటు దొరకలేదు. 1739 ఫిబ్రవరిలో విట్‌ఫీల్డ్ బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల దగ్గరికి వెళ్ళి ఆరుబయట కార్మికులకు ప్రసంగించాడు. మసి పట్టిన వాళ్ళ చెంపల మీద కన్నీళ్ళు తెల్లటి చారలు కట్టడం చూశానని రాసుకున్నాడు. గుడి బయట ప్రసంగం పద్ధతి కాదని మొదట్లో వెనకాడిన వెస్లీ కూడా ఆ ఏప్రిల్‌లో బయటికొచ్చాడు. అంటే మెథడిస్టుల బహిరంగ ప్రసంగాలకు తొలి శ్రోతల్లో గని మనుషులున్నారు.

1743లో చార్లెస్, ఆ వెనకే జాన్ కార్న్‌వాల్‌లో అడుగుపెట్టారు. జాన్ వెంట యార్క్‌షైర్ తాపీమేస్త్రీ జాన్ నెల్సన్ ఉన్నాడు. సెయింట్ ఐవ్స్‌లో ఇద్దరూ దాదాపు మూడు వారాలు కటిక నేల మీద పడుకున్నారు. వెస్లీ తలకింద నెల్సన్ కోటు. నెల్సన్ తలకింద ఒక లావుపాటి బైబిలు వ్యాఖ్యాన గ్రంథం. కడుపు నింపుకోవడానికి దారి పక్క పొదల్లోని బ్లాక్‌బెర్రీ పండ్లు కోసుకు తిన్న రోజులున్నాయి.

ఊళ్ళు వాళ్ళను సులువుగా రానివ్వలేదు. 1745 జులైలో ఫాల్మత్‌లో వెస్లీ ఉన్న ఇంటిని అల్లరిమూక చుట్టుముట్టి తలుపు విరగ్గొట్టింది. ఆయన టోపీ కూడా లేకుండా వాళ్ళ మధ్యకు వెళ్ళి, మీలో ఎవరికి ఏం అపకారం చేశానని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎదురు తిరిగింది బయటివాళ్ళే కాదు. సముద్ర తీరంలో దొంగరవాణా అందరికీ అలవాటైన వ్యాపారం. 1753లో సెయింట్ ఐవ్స్ సంఘ సభ్యులు కూడా సుంకం కట్టని సరుకు కొని అమ్ముతున్నారని తెలిసి, అది మానకపోతే మళ్ళీ మీ ముఖం చూడనని వెస్లీ తేల్చి చెప్పాడు.

అయినా వదలకుండా ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1789 ఆగస్టులో, 86 ఏళ్ళ వయసులో ఫాల్మత్ చేరినప్పుడు, నలభై నాలుగేళ్ళ కిందట మూక ముట్టడించిన ఊళ్ళోనే జనం వీధికి రెండు వైపులా నిలబడి ఆప్యాయంగా చూశారు.

80 గజాలు, గజానికి అయిదుగురు

గ్వెనాప్ గుంట గురించి వెస్లీ తన జర్నల్‌లో కొలతలతో సహా రాశాడు. 1766 నాటి ఆయన లెక్కలో అది ఒక వైపు 200 అడుగులు, ఇంకో వైపు 300 అడుగుల వెడల్పుతో, 50 అడుగుల లోతుకు మెల్లగా దిగే పచ్చిక పల్లం. దేశం మొత్తంలో ఇంత మంచి సహజ రంగస్థలం తనకు తెలియదన్నాడు.

1773 ఆగస్టులో వచ్చిన జనాన్ని చూసి ఆయన వేసిన లెక్క మరీ ప్రసిద్ధం. జనం నిండిన చోటు 80 గజాలకు 80 గజాలు. చదరపు గజానికి అయిదుగురు. మొత్తం 32,000 మంది. తన జీవితంలో ఇంత పెద్ద సభకు ప్రసంగించలేదని, అంచున ఉన్నవాళ్ళకు కూడా వినబడిందని రాసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 70. గజానికి అయిదుగురన్నది చాలా ఒత్తుగా వేసిన అంచనా కనుక ఈ సంఖ్యను చరిత్రకారులు యథాతథంగా తీసుకోరు. అందులో సగమే వచ్చారనుకున్నా, చుట్టుపక్కల గని పల్లెలన్నీ ఆ సాయంత్రం బస్వీల్‌కు కదిలాయన్నది మాత్రం స్పష్టం.

1789 ఆగస్టులో ఆయన అక్కడ చివరిసారి ప్రసంగించాడు. జనం పెరుగుతున్నారు, తన గొంతు మాత్రం అందరికీ అందడం లేదు, బహుశా ఇదే ఆఖరుసారి కావచ్చని జర్నల్‌లో రాశాడు. 1791 మార్చి 2న కన్నుమూశాడు.

ఆయన పోయిన పదిహేనేళ్ళకు గని మనుషులు ఆ గుంటను తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1806లో పని మొదలైంది. ఎగుడుదిగుడు గుంటను సరైన వృత్తంగా చెక్కి, చుట్టూ మట్టసంగా పన్నెండు వరుసల మెట్లు తీర్చి, వాటి మీద పచ్చిక పరిచారు. నీళ్ళు లేని గుండ్రటి దిగుడుబావిని ఊహించుకుంటే దాని రూపం మన కళ్ళకు కడుతుంది. పై అంచు దగ్గర వెడల్పు వందడుగులకు పైమాటే. గని కెప్టెన్లు దగ్గరుండి చేయించిన పని అది. సొరంగం వాలు తేడా రాకుండా చూసుకునే కళ్ళకు, వృత్తంలో మెట్టు మెట్టుకూ ఎత్తు సమంగా ఉంచడం కొత్త పనేమీ కాదు. 1807లో పెంతెకొస్తు పండుగ వారంలో అక్కడ తొలి ఆరాధన జరిగింది. ఆ ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. ఏటా మే చివర వసంత సెలవు సోమవారం నాడు జనం చేరి, ఆ మెట్ల మీద కూర్చుని కీర్తనలు పాడతారు.

వారానికో పెన్నీ

ప్రసంగం వినడానికి వేలమంది రావచ్చు. మర్నాటి నుంచి వాళ్ళను ఒక్కటిగా నిలిపి ఉంచేదేమిటి? దానికి జవాబు 1742లో బ్రిస్టల్‌లో దొరికింది, అదీ అప్పు తీర్చే మార్గం వెతుకుతుంటే. అక్కడ కట్టిన సభామందిరం మీద అప్పు ఉండిపోయింది. ఒక సభ్యుడు ఉపాయం చెప్పాడు. సంఘాన్ని పన్నెండేసి మంది ఉండే క్లాసులుగా విడగొట్టాలి, మనిషికి వారానికో పెన్నీ వసూలు చేయాలి. అంత కూడా ఇచ్చుకోలేని పేదలుంటే వాళ్ళ వంతు నాయకుడే వేసుకోవాలి. పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఎవరింట్లో జబ్బుందో, ఎవరు తాగుడులో పడ్డారో, ఎవరికి పని పోయిందో తెలిసింది. వసూలు ఏర్పాటు కాస్తా పరామర్శ ఏర్పాటైంది. వెస్లీ దాన్ని అన్ని ఊళ్ళకూ పాకించాడు. మూడు నెలలకోసారి ప్రతి సభ్యుడికీ కొత్త టికెట్టు. నడవడి బాగాలేకపోతే టికెట్టు లేదు.

గనిలో జట్టుగా బతికే మనిషికి ఈ ఏర్పాటు వెంటనే అతికింది. క్లాస్ నాయకుడు పక్క సొరంగంలో పనిచేసేవాడే. ప్రసంగాలు కూడా ఎక్కువ వంతు జీతం లేని స్థానిక బోధకులవే. వారమంతా గనిలో దిగి, ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళకు కాలినడకన వెళ్ళేవారు. ఏ ఆదివారం ఏ చాపెల్‌లో ఎవరు ప్రసంగించాలో మూడు నెలల పట్టిక ముందే అచ్చువేసి పంచేవారు.

దాంతో చదవడం అవసరమైంది. బైబిలు చదవాలి, కీర్తనలు చదవాలి, పట్టికలో తన పేరు చూసుకోవాలి, లెక్కల పుస్తకంలో పెన్నీలు రాయాలి. పసితనంలోనే పనిలో పడ్డ పిల్లలకు చాపెళ్ళలోని ఆదివారం బడే అక్షరం ముక్క నేర్పింది. ఆ బడి పిల్లలకు ఏడాదికోసారి టీ ట్రీట్ అనే పండగ ఉండేది. ముందు చాపెల్ బ్యానరు, వెనక బ్యాండు, ఆ వెనక ఉన్నంతలో మంచి బట్టలు వేసుకున్న పిల్లలు. ఊరేగింపు ముగిసే మైదానంలో తలా ఒక పెద్ద బన్ను పెట్టేవారు. కుంకుమపువ్వుతో పచ్చగా, ఎండుద్రాక్ష దట్టించిన బన్ను అది. ఇప్పటికీ కార్న్‌వాల్ బేకరీల్లో దాన్ని టీ ట్రీట్ బన్ను అనే అమ్ముతారు.

1851లో బ్రిటన్‌లో ఆరాధనలకు వెళ్ళేవారి లెక్క తీసినప్పుడు, కార్న్‌వాల్‌లో వాళ్ళలో సగానికి పైగా మెథడిస్టు చాపెళ్ళకే వెళ్తున్నారని తేలింది.

బిల్లీ బ్రే మూడు కళ్ళ చాపెల్

ఈ కథకు ఒక మనిషి ముఖం ఇవ్వాలంటే అది బిల్లీ బ్రేదే. 1794లో గ్వెనాప్‌కు దగ్గర్లోని ట్వెల్వ్‌హెడ్స్ పల్లెలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, వెస్లీ ప్రసంగాలు విన్న తాత పెంచాడు. పదిహేడేళ్ళకు పక్క కౌంటీ డెవన్‌కు గనిపనికి వెళ్ళి, తాగుడుకు అలవాటుపడి తిరిగొచ్చాడు. భార్య అతణ్ణి తాగుడు అడ్డా నుంచి రాత్రిపూట ఇంటికి తీసుకురావాల్సి వచ్చేదని అతనే తర్వాత బాధపడుతూ చెప్పుకున్నాడు. 1823 నవంబరులో మనసు మారింది. ఆ పాత తాగుబోతు బతుకుకు మళ్ళీ వెళ్ళలేదు.

బిల్లీ చేరింది బైబిల్ క్రిస్టియన్స్ శాఖలో. విలియం ఓబ్రయన్ 1815లో డెవన్‌లోని షెబ్బేర్‌లో మొదలుపెట్టిన మెథడిస్టు శాఖ అది. పేదల్లో పనిచేసింది. ఆడవాళ్ళకు మొదటినుంచీ ప్రసంగ వేదిక ఇచ్చింది. ఆ కాలానికి అది చాలా పెద్ద అడుగు.

తన పల్లె దగ్గర చాపెల్ కావాలనిపించింది బిల్లీకి. డబ్బు లేదు. తల్లి తన పొలంలో ఒక మూల ఇచ్చింది. అతనే పునాదులు తవ్వాడు. గనిలో తన వంతు పని ముగించుకుని వచ్చి రాయి తెచ్చి పేర్చేవాడు. ఆదివారాలు దూరాభారం నడిచి ప్రసంగించేవాడు, అక్కడే చందా అడిగేవాడు. అలా లేచింది బేతేలు చాపెల్. తర్వాత కెర్లీ డౌన్స్‌లో ఇంకొకటి. బస్వీల్ చాపెల్ లేచిన 1836లోనే ఇదీ లేచింది. కిటికీలు మూడే కాబట్టి బిల్లీ దాన్ని మూడు కళ్ళ చాపెల్ అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఆ పైన కర్హారక్ పల్లెలో మూడోది, కాస్త పెద్దది.

వీటిలో ఒక చాపెల్‌కు ప్రసంగ పీఠం ఎలా వచ్చిందో అతని జీవిత చరిత్ర రాసిన ఎఫ్.డబ్ల్యు.బోర్న్ చెప్పాడు. ఒక ఇంటి సామాను వేలంలో మూడు మూలల పాత బీరువా ఒకటి బిల్లీ కంట పడింది. వెనక చెక్క కోసేస్తే బోధకుడు లోపల నిలబడొచ్చని లెక్కకట్టుకున్నాడు. జేబులో ఒకరిచ్చిన ఆరు షిల్లింగులే ఉన్నాయి. వేలంలో ఇంకొకాయన ఏడు షిల్లింగులకు పాడి పట్టుకుపోయాడు. బిల్లీ ఆ బీరువా వెనకే నడిచాడు. తీరా ఇంటికి తీసుకెళ్తే అది గుమ్మంలో పట్టలేదు. ఎటు తిప్పినా లోపలికి పోలేదు. విసిగిపోయిన ఆసామి దాన్ని ఆరు షిల్లింగులకే బిల్లీకి ఇచ్చేసి, చాపెల్ దాకా తోలించి పెట్టాడు.

బిల్లీ పొట్టివాడు, సంతోషం పట్టలేక గంతులేస్తూ ప్రసంగించేవాడు. తనను తాను రాజకుమారుడనుకునేవాడు, దేవుడు రాజు కనుక. సొంత పిల్లలతోపాటు దిక్కులేని ఇద్దరు పిల్లలను కూడా ఇంట్లో పెట్టుకుని పెంచాడు. 1868 మే 25న పోయాడు. బాల్డ్యూ చర్చి ఆవరణలో అతని సమాధి మీద ఎత్తయిన రాతి స్తంభం ఉంది. మూడు కళ్ళ చాపెల్ శిథిలమయ్యే దశకు వస్తే పూనుకుని బాగుచేసి, 1984లో అతని జ్ఞాపకార్థం మళ్ళీ తెరిచారు.

వేదిక ఎక్కిన గొంతు

చాపెల్‌లో నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నేర్చిన గని కార్మికుడు ఆ గొంతును ఇంకెక్కడ వాడాడు? ఇంగ్లండ్ ఉత్తరాన, డరమ్ బొగ్గు గనుల్లో ప్రిమిటివ్ మెథడిస్టు అనే ఇంకో శాఖ చాపెళ్ళ నుంచి కార్మిక సంఘాల నాయకులు వరుసగా వచ్చారు. 1831లో అక్కడి బొగ్గు కార్మికులను కూడగట్టిన టామీ హెప్బర్న్ స్థానిక బోధకుడే. పదేళ్ళకే గనిలో దిగిన పీటర్ లీ కూడా చాపెల్ బోధకుడే. 1919లో డరమ్ కౌంటీ కౌన్సిల్‌కు అధ్యక్షుడయ్యాడు. పీటర్లీ అనే పట్నానికి ఆయన పేరే పెట్టారు.

కార్న్‌వాల్‌లో ఆ దారి అంత తొందరగా పడలేదు. వేలంపాట పాడి పని తీసుకునే పద్ధతిలో ప్రతి జట్టూ పక్క జట్టుతో పోటీ పడాల్సి వచ్చేది. యజమానికి ఎదురుగా కలిసి నిలబడటం కష్టమైంది. ఓర్పు, పొదుపు, తాగుడు మానడం గురించి చాపెల్ గట్టిగా చెప్పింది గానీ కూలి రేట్ల గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. నిచ్చెనల మీద ఊపిరి పోగొట్టుకున్న వాళ్ళ వితంతువులకు చందాలు పోగుచేసింది. నిచ్చెనలు పెట్టిన వాళ్ళను నిలదీసింది మాత్రం తక్కువ. ఆ కార్మికుల మీద గౌరవం ఉన్నవాళ్ళు ఈ లోటును కూడా చరిత్రలో రాయాలి.

గనులు మూతపడ్డాక

1866లో రాగి ధర కూలింది. అదే ఏడాది మే నెలలో లండన్‌లో ఓవరెండ్ గర్నీ బ్యాంకు దివాలా తీసి అప్పు పుట్టడమే కష్టమైంది. అమెరికాలో, చిలీలో, ఆస్ట్రేలియాలో కొత్త రాగి బయటపడుతోంది. 1860ల చివరికి గ్వెనాప్ పెద్ద రాగి గనులు దాదాపు అన్నీ ఆగిపోయాయి. కుటుంబాలకు కుటుంబాలు ఓడలెక్కాయి.

దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా రాగి గనుల దగ్గర కార్నిష్ కార్మికులు 1865లోనే పెద్ద మెథడిస్టు చాపెల్ కట్టారు. మెక్సికోలోని రియల్ డెల్ మోంటే వెండి గనులకు 1825లోనే వెళ్ళినవాళ్ళు అక్కడికి తమ ప్రార్థనలతోపాటు ఫుట్‌బాల్‌నూ, కూరగాయలూ మాంసమూ పెట్టి కాల్చే పాస్టీలనూ తీసుకెళ్ళారు. ఆ ఊరి వీధుల్లో పాస్టే అని ఇప్పటికీ అమ్ముతున్నారు. కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీలో కార్నిష్ క్రిస్మస్ పాటలు నేటికీ పాడతారు. ఆ పాటల్లో పేరున్నవి కూర్చిన థామస్ మెరిట్ (1863–1908) కూడా ఇలోగన్ పల్లెకు చెందిన గని కార్మికుడే. ఆరోగ్యం పాడై గని మానేశాక సంగీతం నేర్చుకున్నాడు.

ఇంటి దగ్గర చాపెళ్ళలో బెంచీలు ఖాళీ అయ్యాయి. వేరుపడ్డ మెథడిస్టు శాఖలు 1907లో కొన్ని, 1932లో మిగతా పెద్దవి ఏకమయ్యాయి. దాంతో ఒకే పల్లెలో రెండు మూడు చాపెళ్ళు అక్కర్లేకపోయాయి. కొన్ని ఇళ్ళయ్యాయి, కొన్ని గోడౌన్లయ్యాయి. 1998లో సౌత్ క్రాఫ్టీ మూతతో కార్న్‌వాల్‌లో చివరి తగరపు గని కూడా ఆగింది. 2006లో యునెస్కో కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల సీమను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ జాబితాలోని పది ప్రాంతాల్లో గ్వెనాప్ ఒకటి. ఇంజన్ హౌస్‌ల శిథిలాలతోపాటు కార్మికుల ఇళ్ళు, చాపెళ్ళు కూడా గని చరిత్రలో భాగమేనని ఆ గుర్తింపు ఒప్పుకుంది.

గ్వెనాప్ నుంచి కోలార్‌కు

గ్వెనాప్‌లోని కన్సాలిడేటెడ్ మైన్స్‌ను 1819లో మళ్ళీ తెరిచి, మూడు వేల మందికి పైగా పనిచేసే స్థాయికి తెచ్చిన ఇంజనీరు జాన్ టేలర్. ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి రెడ్‌రూత్–చేస్‌వాటర్ రైలు మార్గం వేయించింది కూడా ఆయనే. ఆయన వారసుల సంస్థ జాన్ టేలర్ అండ్ సన్స్, 1880లో మైసూరు సంస్థానంలోని కోలార్ బంగారు గనుల నిర్వహణ చేపట్టింది. కార్న్‌వాల్‌లో పని పోయిన కెప్టెన్లు, నిపుణులైన కార్మికులు ఆ సంస్థ వెంట కోలార్ చేరారు. గనుల చుట్టూ తెల్లవాళ్ళ బంగళాలు, క్లబ్బులు, చర్చిలు లేచాయి.

బంగారం బయటికి తీసినవాళ్ళు వేరు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు. ఆ జిల్లాలోని తెలుగు తాలూకాలు కూడా చేరి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. కోలార్ గనుల లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరుసల్లో, తమిళంతోపాటు తెలుగూ ఇంటి భాషే. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటైంది. రాతి ఒత్తిడికి సొరంగం గోడలు ఒక్కసారిగా పేలిపోయే ప్రమాదాలకు అక్కడ ఎందరో బలయ్యారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

వెస్లీ పేరు తెలుగువాళ్ళకు ఇంకో దారిలోనూ తెలుసు. సికింద్రాబాద్‌లో ఆ పేరుతో చర్చి, బడులు ఉన్నాయి. 1924 క్రిస్మస్ నాడు ఆరాధన మొదలైన మెదక్ కెథడ్రల్‌ను కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. కరువు రోజుల్లో పనిచేసిన వాళ్ళకు తిండి పెడుతూ ఆ కట్టడాన్ని లేపారన్నది మెదక్ జిల్లాలో ఇంటింటా చెప్పుకునే సంగతి. అక్కడ కూడా రాళ్ళు మోసిన కూలీల పేర్లు చాలావరకు ఎక్కడా కనిపించవు.

గ్వెనాప్ కార్మికుల సంగతి ఇంత వివరంగా తెలియడానికి కారణాలున్నాయి. వెస్లీ జర్నల్ రాశాడు. బోర్న్ బిల్లీ బ్రే కథ రాశాడు. చాపెళ్ళ లెక్కల పుస్తకాలు, ప్రసంగ పట్టికలు, ఆదివారం బడి హాజరు పట్టీలు కార్న్‌వాల్ దాచుకుంది. కోలార్ గనుల లైన్లలో మన చిత్తూరు కుటుంబాలు కట్టుకున్న గుళ్ళకు, భజన మందిరాలకు, చర్చిలకు చందా ఎవరు వసూలు చేశారు? షిఫ్టు దిగివచ్చి గోడ ఎవరు కట్టారు? గనుల్లో 2001 దాకా పనిచేసినవాళ్ళలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. పలమనేరు, కుప్పం, వి.కోట వైపు బంధువులున్నవాళ్ళు వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసిపెట్టే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. రశీదు పుస్తకాలు, ఫొటోలు, మూతపడ్డ గుడి తాళంచెవి దాచుకున్న పెద్దల మాటలు ఇంకో పదేళ్ళు ఆగితే దొరకవు.